ఫీల్డ్‌వర్క్ లేకుండా ఎంఎస్‌డబ్ల్యూ ఇప్పిస్తానంటున్నాడు, చేరాలా?

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది దేవరకొండ దగ్గర తండా. నాకు 31 ఏళ్లు. ఎనిమిదేళ్లుగా అంగన్‌వాడీ టీచర్‌గా చేస్తున్నాను. పెళ్లయ్యాక అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో బీఏ పూర్తి చేశాను, తెలుగు మీడియం. ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చేయాలని రెండేళ్లుగా ఆశ. హైదరాబాద్‌లో ఉండి చదవడం కుదరదు. బాబు రెండో తరగతి, మా ఆయన ఆటో నడుపుతాడు. నల్గొండలో ఒకాయన కలిశాడు. ఆన్‌లైన్‌లో ఏడాదిలో అయిపోతుంది, మొత్తం 45,000, ఫీల్డ్‌వర్క్ కాగితాలు కూడా మేమే పెడతాం, పరీక్షల టెన్షన్ లేదు అన్నాడు. 5,000 అడ్వాన్స్ ఇచ్చాను. టెన్త్, ఇంటర్, డిగ్రీ ఒరిజినల్ మెమోలు కూడా తీసుకున్నాడు. ఇప్పుడు భయంగా ఉంది. ఆన్‌లైన్ డిగ్రీకి ఉద్యోగాల్లో విలువ ఉంటుందా? నాకు ఇంగ్లిష్ అంతంత మాత్రమే, చదవగలనా? మా ఆయన వద్దనడు గానీ "నలుగురికి సాయం చేయడానికి కూడా డిగ్రీ కావాల్నా" అని నవ్వుతాడు. ఆయనకేం చెప్పాలి?
ఒక చెల్లెలు, నల్గొండ జిల్లా

జవాబు: చెల్లీ, మిగతా ప్రశ్నలన్నీ ఆగుతాయి, మెమోలు ఆగవు. రేపే వెళ్లి వెనక్కి తెచ్చుకోండి. ఒక్కరే వెళ్లకండి, మీ ఆయన్ని వెంట తీసుకెళ్లండి. దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ సర్టిఫికెట్లు స్కాన్ చేసి మనమే అప్‌లోడ్ చేస్తాం. ఒరిజినల్స్ చూపించమంటే చూపిస్తాం, చూశాక మన సంచిలో పెట్టుకుని ఇంటికొస్తాం. అవి ఒక ప్రైవేటు మనిషి బీరువాలో ఉండాల్సిన అవసరం ఏ కోర్సుకూ లేదు. "మిగతా 40,000 కట్టు, అప్పుడిస్తా" అంటే బతిమాలొద్దు, పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. అడ్వాన్స్ ఫోన్‌పేలో పంపి ఉంటే ఆ రసీదు, ఆయన పెట్టిన వాట్సాప్ మెసేజ్‌లు ఇవాళే స్క్రీన్‌షాట్ తీసి మీ ఆయన ఫోన్‌కు కూడా పంపి ఉంచండి. 5,000 తిరిగి వస్తే సంతోషం. రాకపోతే, మిగతా 40,000 పోకుండా ఆగినందుకు పెట్టిన ఖర్చు అనుకోండి.

ఆయన చెప్పిన మాటల్లో ముందు ఆ "ఏడాది" సంగతి చూద్దాం. మీది మూడేళ్ల డిగ్రీ. దాని మీద పీజీ అంటే కనీసం రెండేళ్లు. నాలుగేళ్ల ఆనర్స్ డిగ్రీ చదివినవాళ్లకు ఏడాది పీజీ అని కొత్త విధానంలో వచ్చింది నిజమే, ఈ ఏజెంట్లు ఆ ముక్క ఒక్కటి పట్టుకుని అందరికీ అమ్ముతున్నారు. అది మీకు వర్తించదు. ఇక పరీక్ష లేకుండా, సంస్థల్లోకి వెళ్లి మనుషుల మధ్య చేయాల్సిన ఫీల్డ్‌వర్క్ లేకుండా చేతికొచ్చేది ఎంఎస్‌డబ్ల్యూ కాదు, ప్రింటు వేసిన కాగితం.

ఇది మా ఇంట్లో జరిగిన కథ కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. మా మరిది ఇలాగే వేరే రాష్ట్రంలోని ఒక యూనివర్సిటీ పేరుతో ఇక్కడ ఒక చిన్న గదిలో నడిచే "స్టడీ సెంటర్"లో పీజీ కట్టాడు. పుస్తకాలు వచ్చాయి, మార్కుల మెమో వచ్చింది, ఇంట్లో ఫోటో ఫ్రేమ్ కూడా కట్టించాం. తరవాత ఒక కొలువుకి సర్టిఫికెట్ల వెరిఫికేషన్‌కు పిలిస్తే, ఆ యూనివర్సిటీకి తన రాష్ట్రం దాటి దూరవిద్య నడిపే అధికారమే లేదని పక్కన పెట్టేశారు. ఆ యూనివర్సిటీ నిజంగా ఉంది, మెమో కూడా అచ్చమైనదే. కానీ చెల్లలేదు. ఫ్రేమ్ ఇప్పటికీ మా అత్తగారి గదిలో గోడకు ఉంది, దాని గురించి ఎవరం మాట్లాడుకోం.

అప్పట్లో మాకు తెలియని రూల్ మీరిప్పుడు తెలుసుకోండి. దూరవిద్యకూ ఆన్‌లైన్‌కూ కలిపి, యూనివర్సిటీలను నియంత్రించే యూజీసీ 2020లో నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం ఈ రెండూ వేరు వేరు. దూరవిద్య అంటే పుస్తకాలు, స్టడీ సెంటర్, కొన్ని కాంటాక్ట్ క్లాసులు. రాష్ట్ర యూనివర్సిటీ అయితే తన పరిధి దాటి దీన్ని నడపకూడదు. ఆన్‌లైన్ అంటే పాఠాలన్నీ ఇంటర్నెట్‌లోనే, దానికి ఈ సరిహద్దు లేదు. ఏదైనా సరే, ఆ యూనివర్సిటీకి ఆ కోర్సు కోసం ఆ ఏడాదికి యూజీసీ అనుమతి ఉండాలి. అనుమతి ఉన్నవాటి పేర్లు యూజీసీ దూరవిద్య విభాగం వెబ్‌సైట్‌లో ఉంటాయి. యూనివర్సిటీ పేరు ఉంటే చాలనుకోవద్దు, పక్కన ఎంఎస్‌డబ్ల్యూ ఉందా, దూరవిద్యలోనా ఆన్‌లైన్‌లోనా, మీరు చేరే సెషన్‌కేనా అన్నది చూడాలి. పోయిన ఏడాది అనుమతి ఉంది కదా అని ఈ ఏడాదీ ఉందనుకోవద్దు. 2025లో సైకాలజీతో పాటు కొన్ని ఆరోగ్య సంబంధ కోర్సులను ఈ పద్ధతుల్లో ఇక నడపొద్దని యూజీసీ చెప్పేసింది. సోషల్ వర్క్‌కు వాటితో చుట్టరికం ఉంది, అందుకే చేరే రోజున జాబితా మళ్లీ ఒకసారి చూడమంటున్నాను.

ఇంకోటి. దూరవిద్యను ఫ్రాంచైజీలకు ఇచ్చి నడిపించడం నిషేధం. కాబట్టి "ఫలానా యూనివర్సిటీ వాళ్లు మాకు అప్పజెప్పారు" అనే మాట వినగానే లేచి వచ్చేయొచ్చు. 2024 నుంచి చేరే విద్యార్థి స్వయంగా డెబ్ (యూజీసీ దూరవిద్య విభాగం) ఐడీ అని ఒకటి తయారు చేసుకోవాలి. అది మీ క్రెడిట్ల ఖాతాకు, అంటే ఏబీసీ ఐడీకి, అతుక్కుని ఉంటుంది. ఫోన్‌కు ఓటీపీ వస్తుంది. ఆ ఓటీపీ ఎవరికీ చెప్పకండి. మీ బదులు ఆ నల్గొండాయన ఐడీ చేసేస్తే మీ పేరు మీద ఎక్కడ ఏ కోర్సులో చేర్చాడో మీకే తెలియదు. మీసేవకు వెళ్లినా సరే, పక్కన కూర్చుని చేయించుకోండి.

ఇలా అనుమతి ఉన్నచోట చదివితే విలువ ఉంటుంది. గుర్తింపు ఉన్న దూరవిద్య, ఆన్‌లైన్ డిగ్రీలు రెగ్యులర్ డిగ్రీతో సమానమని ఆ 2020 నిబంధనల్లోనే ఉంది, 2022లో యూజీసీ మళ్లీ స్పష్టం చేసింది. మీ బీఏ గురించి మీ ఉత్తరంలో కొంచెం చిన్నతనం వినిపించింది. అవసరం లేదు. దేశంలో మొట్టమొదటి ఓపెన్ యూనివర్సిటీ మీరు చదివిందే, 1982లో పెట్టారు. జాతీయ ఓపెన్ యూనివర్సిటీ ఇగ్నో దాని తరవాత మూడేళ్లకు వచ్చింది.

మీ పరిస్థితికి నాకు మొదట తోచేది ఇగ్నో ఎంఎస్‌డబ్ల్యూ. ఏ డిగ్రీ ఉన్నా చేరొచ్చు. కనీసం రెండేళ్లు, వీలుకాకపోతే నాలుగేళ్ల దాకా సాగదీసుకోవచ్చు, ఇల్లూ ఉద్యోగమూ ఉన్న ఆడవాళ్లకు ఇది పెద్ద సంగతి. అసైన్‌మెంట్లకు 30 శాతం, జూన్‌లోనో డిసెంబర్‌లోనో రాసే పరీక్షకు 70 శాతం. ఫీల్డ్‌వర్క్ తప్పనిసరి. హైదరాబాద్‌లో రీజినల్ సెంటర్ ఉంది. ఫీజు కట్టకముందే అక్కడికి ఒకసారి వెళ్లి మూడు సంగతులు కనుక్కోండి: ఎంఎస్‌డబ్ల్యూకు నాకు ఏ స్టడీ సెంటర్ ఇస్తారు, ఫీల్డ్‌వర్క్ సూపర్‌వైజర్ ఎవరు, నల్గొండ జిల్లాలోనే ఫీల్డ్‌వర్క్ చేయనిస్తారా. ఏ యూనివర్సిటీ అయినా ఈ మూడింటికి సూటిగా జవాబు చెప్పాలి. ఆన్‌లైన్ కోర్సుల వాళ్లు యాప్ గురించి, వీడియో క్లాసుల గురించి గంటసేపు చెబుతారు, సూపర్‌వైజర్ ఎవరండీ అంటే "అది తరవాత చూసుకుందాం మేడం" అంటారు. అక్కడే తెలిసిపోతుంది.

రెగ్యులర్‌గా చదివే వీలు ఏ రోజైనా దొరికితే, పాలమూరు యూనివర్సిటీలో సోషల్ వర్క్ విభాగం ఉంది, ఉస్మానియాలో ఉంది. సీపీగెట్ అనే పీజీ ప్రవేశ పరీక్ష రాసి చేరాలి. మీకది ఇప్పుడు కుదరదని మీరే రాశారు, నేను బలవంతపెట్టను. కానీ దూరవిద్య తేలిక అనుకుని మాత్రం చేరొద్దు. రెగ్యులర్ విద్యార్థిని లేపి కూర్చోబెట్టడానికి ఒక టీచర్ ఉంటుంది. మిమ్మల్ని లేపేవాళ్లు ఉండరు.

ఇప్పుడు అసలు విషయం, ఫీల్డ్‌వర్క్. ఏజెంటు మీకు దాన్నే మినహాయించి అమ్ముతున్నాడు. వంట రానివాడికి వంట పుస్తకం ఇచ్చి పొయ్యి తీసేసుకున్నట్టు. రెగ్యులర్ కాలేజీల్లో వారానికి రెండు రోజులు విద్యార్థిని ఒక సంస్థలో పడేస్తారు. ఆసుపత్రి, బాలల గృహం, బస్తీ, జైలు, ఫ్యాక్టరీ, ఏదైనా కావచ్చు. వచ్చాక ఆ రోజు జరిగింది జరిగినట్టు రికార్డులో రాయాలి. సూపర్‌వైజర్ చదివి, కూర్చోబెట్టి అడుగుతుంది. సగం చదువు అక్కడే.

నా మొదటి రికార్డు కథ చెబుతాను. తొంభైల్లో హైదరాబాద్‌లో ఒక పెద్దాసుపత్రిలో నాకు ఫీల్డ్‌వర్క్ పడింది. ఎముకల వార్డు. కట్టడం పనిలో గోవ కర్రల మీద నుంచి పడి నడుము విరిగిన మేస్త్రీ పనివాడు, పక్కన భార్య. మా పాలమూరోళ్లే, మాటలోనే తెలిసింది. నేను ఉత్సాహంగా కూర్చుని అరగంట మాట్లాడాను. కాంట్రాక్టర్ నష్టపరిహారం ఇవ్వాలని చట్టం ఉందని చెప్పాను, పిల్లల్ని హాస్టల్లో చేర్చమన్నాను, ధైర్యంగా ఉండమన్నాను. ఆమె అన్నిటికీ తల ఊపింది. రాత్రి నాలుగు పేజీలు రాశాను, చాలా బాగా రాశాననుకున్నాను. మర్నాడు మా మేడం ఎర్ర పెన్నుతో చివర ఒకే మాట రాసి ఇచ్చింది: "ఇందులో అంతా నువ్వే మాట్లాడావు. ఆమె ఏదీ?"

వారం తరవాత మళ్లీ వెళ్లి ఊరికే కూర్చున్నాను. చాలాసేపటికి ఆమె చెప్పింది. కాంట్రాక్టర్ సంగతి కాదు ఆమె దిగులు. వాళ్లను తీసుకొచ్చిన గుంపు మేస్త్రీ వాళ్ల ఊరివాడే, మేనమామ వరస. అతని దగ్గర అడ్వాన్స్ తీసుకుని ఆరు నెలల పనికి ఒప్పుకుని వచ్చారు. మొగుడు పడ్డాడు కాబట్టి ఆ పని ఎవరు తీర్చాలి? పద్నాలుగేళ్ల కొడుకును బడి మానిపించి పనికి పెట్టమని ఊరి నుంచి కబురొచ్చింది. నేను చెప్పిన చట్టం ఆమెకు పనికిరాదని కాదు. దాని ముందు ఈ ముడి ఉంది, ఇది విప్పకపోతే ఆ చట్టం దాకా ఆమె రాదు. ఈ సంగతి నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు, చెప్పగలిగేది కూడా కాదు.

మీకు మీ సెంటర్‌లోనే ఇలాంటిది రోజూ ఎదురవుతుంది. తక్కువ బరువు పిల్లవాడు ఉంటాడు. తూకం వేస్తారు, పోషణ్ ట్రాకర్‌లో ఎక్కిస్తారు, బాలామృతం ఇస్తారు, ఎన్‌ఆర్‌సీకి (ఆసుపత్రిలోని పోషకాహార పునరావాస కేంద్రం) తీసుకెళ్లమని తల్లికి చెబుతారు. తల్లి వెళ్లదు. రిజిస్టర్‌లో "తల్లి నిరాకరించింది" అని రాస్తారు. అంగన్‌వాడీ టీచర్‌గా మీ పని అక్కడికి పూర్తయినట్టే. సోషల్ వర్క్ ఆ వాక్యం దగ్గరే మొదలవుతుంది. ఎందుకు నిరాకరించింది? రెండు వారాలు ఆసుపత్రిలో ఉంటే మిగతా ఇద్దరు పిల్లల్ని ఎవరు చూస్తారు, పత్తి ఏరే కూలి ఎవరిస్తారు, అత్త ఏమంటుంది, పోయినసారి వెళ్లినప్పుడు అక్కడి నర్సు ఏమంది? ఆ నర్సు తిట్టిందనుకోండి, ఆ ఒక్క మాట కారణంగా తండా మొత్తం ఆ ఆసుపత్రికి దూరం కావచ్చు. ఒక్క తల్లితో చేసే పని కేస్ వర్క్. ఇలాంటి తల్లులు అయిదుగురు కలిసి వంతులవారీగా ఒకరి పిల్లల్ని ఒకరు చూసుకునే ఏర్పాటు చేయిస్తే గ్రూప్ వర్క్. తండా పెద్దలు, సర్పంచ్, ఆశా కార్యకర్త కూర్చుని ఆసుపత్రికి పోయిన తల్లి కూలి సంగతి తేల్చేలా చేస్తే కమ్యూనిటీ ఆర్గనైజేషన్. పేర్లు ఇంగ్లిష్‌లో ఉన్నాయి గానీ పని మీ గడప ముందే ఉంది.

అయినా ఒక మాట. "నేను చేసే ఉద్యోగాన్నే ఫీల్డ్‌వర్క్ అని రాసేస్తాను" అనుకోవద్దు. చాలామంది ఉద్యోగులు అలాగే చేస్తారు, నాకది నచ్చదు. మీ సెంటర్‌లో మీరు టీచర్, జీతం ఇచ్చే శాఖకు జవాబుదారీ. విద్యార్థిగా తప్పు చేసే స్వేచ్ఛ అక్కడ ఉండదు. వేరే సంస్థ చూసుకోండి.

ఇక్కడే మీకు పెద్ద చిక్కు. మీ సెంటర్ పగలంతా నడుస్తుంది. ఖాళీ ఆదివారమే, ఆదివారం ఆఫీసులు తాళం. అందుకని ఆదివారం కూడా తెరిచి ఉండే చోట్లు వెతకండి. సఖి కేంద్రం రాత్రీపగలూ నడుస్తుంది, దెబ్బలు తిని వచ్చిన ఆడవాళ్లకు ఆదివారాలు ఉండవు కదా. నల్గొండ జిల్లా కేంద్రంలో ప్రభుత్వ ఆసుపత్రి వార్డులు ఉన్నాయి, మెడికల్ కాలేజీ వచ్చాక అక్కడి రద్దీ మీకు తెలిసిందే. బాలల గృహాలు, కస్తూర్బా హాస్టళ్లు, గిరిజన ఆశ్రమ పాఠశాలలు ఆదివారమే సావకాశంగా ఉంటాయి, పిల్లలు నోరు విప్పేది కూడా ఆ రోజే. ఏ చోటుకైనా యూనివర్సిటీ ఇచ్చే లెటర్ పట్టుకుని, జిల్లా సంక్షేమ అధికారి ఆఫీసు నుంచి అనుమతి తీసుకుని వెళ్లాలి. అలాగే చదువుకుంటున్నానని మీ అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌కు, ఆ పై అధికారి సీడీపీఓకు ముందే రాతలో ఇచ్చి, ఒక కాపీ మీద సంతకం తీసుకోండి. రేపు సెలవు దగ్గర ఎవరితోనైనా మాట వస్తే ఆ కాగితమే మాట్లాడుతుంది. ఉన్న సెలవుల్ని పరీక్షలకు దాచుకోండి.

బాలల గృహానికి వెళ్తే ఫోన్ సంచిలోనే ఉంచండి. పిల్లల ఫోటో స్టేటస్‌లో పెట్టడం మనకు ప్రేమలాగే అనిపిస్తుంది. బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఆ పిల్లల పేరు, ముఖం, ఊరు బయటపెట్టడం నేరం. మీ రికార్డు పుస్తకంలో కూడా పేర్లు మార్చే రాయాలి. మీ తండాలో అందరూ ఒకరికొకరు బంధువులే కాబట్టి పేరు మార్చినా పోల్చుకుంటారు, అందుకే ఆ పుస్తకం ఇంట్లో అల్మారాలో తాళంలో ఉండాలి.

ఇంగ్లిష్ సంగతి దాచను. ఇగ్నో ఎంఎస్‌డబ్ల్యూ ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంది, తెలుగులో లేదు. మొదటి ఆరు నెలలు కష్టంగా ఉంటుంది. కానీ ఈ సబ్జెక్టులో భాష ఒక్కటే గొడవ, లెక్కలు, ఫార్ములాలు లేవు. నేను చాలామందికి చెప్పిన పద్ధతి ఇది: ఫీల్డ్‌వర్క్ నుంచి వచ్చిన రాత్రే తెలుగులో రాసేయండి, మనుషులు అన్న మాట అన్నట్టుగా, లంబాడీలో అంటే లంబాడీలోనే, తెలుగు అక్షరాల్లో. రెండు రోజులాగి దాన్ని చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాల్లో పెట్టండి. ఫోన్‌లో అనువాదం యాప్ వాడండి, తప్పేం లేదు, కానీ అసైన్‌మెంట్ మొత్తం దానితోనో, అమ్మకానికి దొరికే రెడీమేడ్ జవాబులతోనో నింపొద్దు. పరీక్ష హాల్లో పెన్ను మీ చేతిలోనే ఉంటుంది. ఇంకో సంగతి, హైదరాబాద్‌లో మంచి ఇంగ్లిష్‌తో ఎంఎస్‌డబ్ల్యూ చేసిన పిల్లలు చందంపేట తండాకు వచ్చి ఒక అవ్వతో రెండు మాటలు మాట్లాడలేక దిక్కులు చూడటం నేను కళ్లారా చూశాను. అవ్వకు అర్థమయ్యే మాట మీ నోట్లో పుట్టుకతోనే ఉంది. వాళ్లు నేర్చుకోవాల్సింది మీకంటే ఎక్కువ.

చివరి ఏడాదిలో పరిశోధన చేయాల్సి వస్తే దూరం వెళ్లకండి. ప్రపంచంలో నీళ్ల గురించి రాసిన పుస్తకాల్లో మన జిల్లా పేరు ఉంది, నల్గొండ టెక్నిక్ అని. పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తీసే పద్ధతి, నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ వాళ్లు రూపొందించారు. చవకైనది, కరెంటు అక్కర్లేనిది. అయినా మన ఇళ్లలో నిలబడలేదు. మర్రిగూడ, మునుగోడు వైపు వంగిన కాళ్లతో ఇప్పటికీ మనుషులున్నారు. పరిష్కారం ఇంటి ముందుకొచ్చాక కూడా రోజూ బకెట్లో కలిపి, తేర్చి, వడకట్టే ఓపిక ఆ ఇంట్లో ఎవరికి ఉంది, ఎవరి మీద పడింది అన్న ప్రశ్న ఇంజనీరు అడగడు. మీరు అడగొచ్చు. మీ పక్క తండాల్లో ఆడపిల్లల అమ్మకాల గురించి ఒకప్పుడు పేపర్లన్నీ రాశాయి, వెళ్లిపోయాయి. అప్పటి పిల్లల వయసువాళ్లు ఇప్పుడు తల్లులయ్యారు. వాళ్లతో మాట్లాడాలంటే బయటివాళ్లకు ఏళ్లు పడుతుంది.

ఉద్యోగాల గురించి క్లుప్తంగా. అంగన్‌వాడీ టీచర్ల నుంచి సూపర్‌వైజర్లుగా వెళ్లే దారిలో మీ సర్వీసుకే ఎక్కువ బరువు, ఎంఎస్‌డబ్ల్యూ రాగానే పోస్టు రాదు. నోటిఫికేషన్ వచ్చినప్పుడు అర్హతల గడిలో మీ డిగ్రీ పేరు అక్షరాలా ఉందో లేదో చూడాలి, "దానికి సమానం" అనే మాట మీద ఆశ పెట్టుకోవద్దు. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో ప్రొటెక్షన్ ఆఫీసర్, కౌన్సెలర్, సోషల్ వర్కర్ లాంటి కొలువులు, సఖి కేంద్రాలు, హెచ్‌ఐవీ కౌన్సెలింగ్ కేంద్రాలు, స్వచ్ఛంద సంస్థలు, ఇవన్నీ ఎంఎస్‌డబ్ల్యూ వాళ్లను తీసుకుంటాయి. చాలావరకు కాంట్రాక్టు కొలువులే, జీతం ఆలస్యమవడం కూడా మామూలే, ముందే తెలిసి ఉండాలి. వాడపల్లి, మఠంపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీల లాంటి పెద్ద కర్మాగారాల్లో వెల్ఫేర్ ఆఫీసర్ పోస్టు ఉంటుంది, కానీ దానికి కార్మిక సంక్షేమం స్పెషలైజేషన్ ఉన్నవాళ్లకే మొగ్గు. లెక్చరర్ కావాలంటే పీజీలో 55 శాతం తెచ్చుకుని నెట్ అనే అర్హత పరీక్ష రాయాలి. ఎస్టీ అభ్యర్థులకు 50 శాతం చాలు.

ఒకటి మాత్రం ఎవరు చెప్పినా నమ్మొద్దు: ఈ డిగ్రీతో సైకాలజిస్ట్ అయిపోతారని. కారు. సైకియాట్రిక్ సోషల్ వర్కర్ అని బోర్డు పెట్టుకోవడానికి కూడా ఎంఎస్‌డబ్ల్యూ ఒక్కటే చాలదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం దానికి పైన రెండేళ్ల పూర్తికాలపు శిక్షణతో ఎంఫిల్ అడుగుతుంది.

ఇక మీ ఆయన నవ్వు. ఆయన అడిగింది తప్పు ప్రశ్న కాదు. మన ఊళ్లలో సాయం చేసేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు, ఎవరి దగ్గరా డిగ్రీ లేదు. అయినా 1936లోనే బొంబాయిలో దీనికోసం ఒక బడి పెట్టాల్సి వచ్చింది, ఇవాళ టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) అంటున్నది అదే. ఎందుకో ఆయనకు ఆటో భాషలో చెప్పండి. బండి తోలడం వచ్చినవాళ్లు తండాలో పది మంది ఉంటారు. రాత్రి పూట కాన్పు నొప్పులతో ఉన్న మనిషిని ఎక్కించుకుని దేవరకొండ దాకా గుంతల్లో తీసుకెళ్లాలంటే మాత్రం అందరినీ పిలవరు. ఎవర్ని పిలుస్తారో, ఎందుకు పిలుస్తారో ఆయనకే బాగా తెలుసు. పదో తరగతి పిల్లకు పెళ్లి కుదిరిందని మీకు తెలిస్తే, సాయం చేయాలనుకున్న మనిషి ఆ తండ్రిని నలుగురిలో నిలదీస్తాడు. తండ్రి పరువు పోయిందని పెళ్లి వారం ముందుకు జరిపి, రాత్రికి రాత్రి వేరే ఊళ్లో కానిచ్చేస్తాడు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఎప్పుడు ఫోన్ చేయాలి, అంతకుముందు తల్లితో ఎప్పుడు మాట్లాడాలి, ఆపాక ఆ పిల్ల అదే ఇంట్లో ఎలా బతకాలి, ఫోన్ చేసింది మీరేనని తండాకు తెలిస్తే మీ సెంటర్ పరిస్థితేంటి, ఇవన్నీ ముందే ఆలోచించి అడుగు వేయడం నేర్పేది ఈ చదువు. మంచి మనసు ఆయనకూ ఉంది, మీకూ ఉంది. దానికి సిలబస్ లేదు.

ఆయన నవ్వినా మీతో నల్గొండ వస్తాడు, మెమోలు తెచ్చుకోవడానికి. అది చూసుకోండి ముందు. ఆ తరవాత రీజినల్ సెంటర్. జనవరి సెషన్‌కు గానీ జులై సెషన్‌కు గానీ చేరొచ్చు, పంట పనుల రోజుల్లో మీ సెంటర్‌లో పిల్లలు ఎక్కువ ఉంటారో తక్కువ ఉంటారో మీకే తెలుసు కాబట్టి ఏది వీలో మీరే చూసుకోండి. 31 ఏళ్లకు ఆలస్యమైందా అని మీరు అడగలేదు, నేను కూడా చెప్పను.

ఫీల్డ్‌వర్క్ మొదలయ్యాక ఒక ఉత్తరం రాయండి. రికార్డు మాత్రం పంపకండి, అది మీ సూపర్‌వైజర్ ఒక్కరే చూడాలి. ఎర్ర పెన్నుతో ఏం రాశారో అదొక్కటి చెబితే చాలు.